ముందురోజే ముగించు, బిడ్డా

బిడ్డా,

కొత్తింట్ల మొదటి విందు, అది గూడ నడి మే నెలల, పన్నెండు మందికి. బగారన్నం, కూరలు ఎవరితోనన్న చేయించినా స్వీటు మాత్రం నా చేతులతోటే చేస్త అన్నవట. మీ అమ్మ ఫోన్ల చెప్పంగనే మనసు నిండింది. అడుగున కేకు, దాని మీద పండ్లు, ఆ పైన కస్టర్డు, గాజు గిన్నెల వరుసలు వరుసలుగ కనబడే పాతకాలపు పండ్ల పుడింగు చెయ్యాలని ఉన్నదట. దాని ఇగురం అమ్మమ్మను అడుగు అన్నవట. చెప్త. కొలతలు నీ ఫోన్ల మస్తు దొరుకుతయి. ఏ పని ఎందుకు చెయ్యాలెనో మాత్రం అండ్ల తక్కువ చెప్తరు. అది చెప్పేముందు ఒక మాట.

మన ఇండ్లల్ల విందు అంటే వండిన మనిషి చిట్టచివరకు తినుడు. వచ్చినోళ్ళు బంతిల కూసుంటరు, ఆమె పొయ్యికాడ నిలబడ్తది. పూరీ పొంగింది పొంగినట్టు విస్తరిల పడాలె, భక్ష్యం పెనం మీదికెళ్ళి దిగంగనే నెయ్యి పోసి వడ్డించాలె. మనకు ఇష్టమైనవన్నీ అప్పటికప్పుడు వేడివేడిగ రావలసినవే. అందరు తిని చేతులు కడుక్కున్నంక ఆమె ముందటికి వచ్చేది చల్లారిన అన్నం, అడుగున మిగిలిన కూర. ఈ పుడింగు ఆ తీరుది కాదు. ముందురోజు చేసి పెడితేనే దీనికి రుచి. కేకు రసం పీల్చుకోవాలె, కస్టర్డు గట్టిపడాలె, పండు వాసన వరుస వరుసకు పాకాలె. ఒక రాత్రి గడువనిది అవి కావు. విందు నాడు నీకు దాంతోటి పనే ఉండదు. నేను ఈ వంటను ఇష్టపడేది తీపికంటే ఎక్కువ దీని ఈ గుణానికి. నా హితవు అంత ఇంతే: శనివారం రాత్రికల్ల ముగించు, ఆదివారం నువ్వు గూడ అందరితోటి కూసో.

ఇది మన తాతముత్తాతల వంట కాదు, ఇంగ్లీషోళ్ళది. వాళ్ళు ట్రైఫిల్ అంటరు. 1585ల థామస్ డాసన్ రాసిన వంటల పుస్తకంల ఆ పేరు కనబడ్తది గని, అప్పుడది చక్కెర, అల్లం, గులాబీ నీళ్ళు కలిపిన చిక్కటి మీగడ, అంతే. కేకు, పండ్లు, కస్టర్డు తర్వాత తర్వాత ఒకటొకటిగ చేరినయి. మన దిక్కు ఇది వచ్చిన దారులల్ల రైలు దారి ఒకటి. 1889ల నిజాం రైలు బెజవాడ దాకా పోయింది. 1929ల కాజీపేట–బల్లార్షా లైను పూర్తయినంక మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగ దారి పడ్డది. కాజీపేట జంక్షన్ అయింది, డ్రైవర్లు, గార్డులు కుటుంబాలతోటి వచ్చి క్వార్టర్లల్ల దిగిన్రు. వాళ్ళల్ల ఆంగ్లో-ఇండియన్లు గూడ ఉండిరి. రైల్వే కాలనీలల్ల పండుగకు పక్కింటికి పళ్ళెం పంపుడు అందరికి అలవాటే. సంక్రాంతికి మన సకినాలు ఆ ఇంటికి పోతే, క్రిస్మసుకు వాళ్ళ కేకు, పుడింగు మన ఇంటికి వచ్చేది. తిన్నోళ్ళు అడిగి నేర్చుకున్నరు, నేర్చుకున్నోళ్ళు మామిడిపండు వేసి మన పుడింగు చేసుకున్నరు.

అండ్ల పోసే కస్టర్డు సంగతి గూడ తెలుసుకో. అసలు కస్టర్డు అంటే పాలల్ల కోడిగుడ్ల సొన వేసి కాచేది. బర్మింగ్‌హామ్‌ల ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన ఉండె. ఆయన భార్యకు కోడిగుడ్డు పడకపోయేది. ఆమె కోసమని 1837ల గుడ్డు లేకుండ మక్కపిండితోటి చిక్కబడే పొడి తయారు చేసిండు. ఇప్పుడు నువ్వు షాపుల తెచ్చే డబ్బాల ఉన్నది గూడ అదే: మక్కజొన్న గంజిపిండి, కొద్దిగ రంగు, కొద్దిగ వెనీలా వాసన. ఇంటామె గూడ అందరితోపాటు తినాలెనని పుట్టిన పొడి అది. నా హితవుకు ఇంతకంటే సాక్ష్యం నాకు అక్కర లేదు.

ఇగ పనిలకు పోదాం.

మామిడిపండ్లు బుధవారమే కొను. ముక్కలకు బంగినపల్లి తీసుకో, మన దిక్కు బేనిషాన్ అంటరు సూడు, అదే. పీచు ఉండదు, కోస్తే ముక్క అంచు నిలబడ్తది, తెల్లారేసరికి గూడ మెత్తబడి జారిపోదు. కేకును తడపనీకె మాత్రం రసాలు తెచ్చుకో. వాటిని ముక్కలు కోసి లాభం లేదు, పిండుకునేటందుకే పుట్టినయి. కిలోన్నర బేనిషాన్, ఆరేడు రసాలు సరిపోతయి. హన్మకొండ చౌరస్తాల బండి మీద పసుపు నిగనిగ చూసి మోసపోకు. పండంతట ఒక్కతీరు రంగుండి, తొడిమ కాడ వాసన లేకపోతే, కోసినంక లోపల గట్టిగ, పుల్లగ ఉంటే అది కార్బైడు పెట్టింది కావొచ్చు. దాంతోటి మాగబెట్టుడు మన దేశంల నిషేధమే, అయిన పూర్తిగ ఆగలేదు. అందుకే కొద్దిగ గట్టిగున్నయి తెచ్చి, ఒక్కొక్కటి కాగితంల చుట్టి, బియ్యం డబ్బాల పెట్టు. శనివారంకల్ల తయారైతయి. అప్పటిదాకా రోజొకసారి మూత తీసి వాసన చూడు.

తోడుకు ఒక దానిమ్మ, దొరికితే నల్ల ద్రాక్షలు చాలు. ఉన్న పండ్లన్ని ఒక్క గిన్నెల కుక్కకు. దేని రుచి దానికి తెల్వకుంట అయితది. పుచ్చకాయ వద్దు, బత్తాయి తొనలు వద్దు, నీరు ఊరి అడుగు మడుగైతది. అరటిపండు ముందురోజు వేస్తే నల్లబడ్తది. వెయ్యాలెననుకుంటే తినే ముందల పైన వెయ్యి. ఆపిల్ కోస్తే నిమ్మరసం చిలకరించు. పండు ముక్కలకు ముందే చక్కెర కలుపకు. చక్కెర తగిలిందంటే పండు తన నీళ్ళు తాను విడిచి పెడ్తది. ఎర్రటి డబ్బా చెర్రీలు కొనాలె అనుకున్నవేమో, వాటిల చానా మటుకు వాక్కాయలకు చక్కెర పాకం, ఎర్ర రంగు పట్టించినవే. దానిమ్మ గింజ ఉండంగ ఆ రంగు నీకెందుకు?

అనాస పండు మాత్రం పైలం. పచ్చి అనాసల ఒక గుణమున్నది, అది మాంసకృత్తులను కొరికి పారేస్తది. అనాస ఎక్కువ తింటే నాలిక మండేది గూడ దాంతోటే. పచ్చి ముక్కలు పాలల్ల పడితే కస్టర్డు చేదెక్కుతది; జెలాటిన్ జెల్లీల పడితే అది తెల్లారినా పేరదు. బొప్పాయిది గూడ అదే గుణం. అనాస వెయ్యాలెననే ఉంటే ముక్కలను చక్కెర నీళ్ళల్ల ఐదారు నిమిషాలు మసలనిచ్చి, చల్లార్చి వెయ్యి. వేడి తగిలితే ఆ గుణం చచ్చిపోతది. డబ్బాల అమ్మే అనాస ముక్కలతోటి ఈ బాధ లేదు, వాటిని వేడి చేసే నింపుతరు.

జెల్లీ మాట వచ్చింది గనుక చెప్త. రంగు రంగుల ప్యాకెట్ జెల్లీ కొనకు. వాటిల కొన్నిట్ల జెలాటిన్ ఉంటది, అది పశువుల ఎముకలు, తోలు నుంచి తీసేది. వచ్చే పన్నెండు మందిల శాకాహారులుంటే పాపం వాళ్ళకు తెల్వకుంట పెట్టినట్టయితది. ఇంకొకటి, జెలాటిన్ జెల్లీ 35 డిగ్రీల దగ్గర కరుగుతది. మన ఊర్ల మే నెలల పగటి ఎండ 43, 44 డిగ్రీల దాకా పోతది. గిన్నె ఫ్రిజ్‌ల నుంచి తీసి బల్ల మీద పెట్టినంక పిల్లలు పళ్ళాలు తెచ్చేలోపే కారుడు మొదలైతది. చైనా గ్రాస్ తీసుకో. సముద్రపు నాచు నుంచి తీసేది, తెల్లటి పోగులుగ కిరాణ షాపులల్ల దొరుకుతది. ఒక్కసారి పేరిందంటే 85 డిగ్రీల వేడి తగిలేదాకా కరగదు. మన ఎండకు సరైన జోడి అది.

దాని పద్ధతి: ఐదు గ్రాముల చైనా గ్రాసు కత్తెరతోటి తునకలు చేసి పావు లీటరు నీళ్ళల్ల అరగంట నానబెట్టు. ఆ నీళ్ళతోటే సన్నని మంట మీద పెట్టి, ఒక్క పోగు కనబడకుంట కరిగేదాకా కాచు. రెండు చెంచాల చక్కెర వేసి చాయ జాలితోటి వడగట్టు. పావు లీటరు మామిడి రసం వేరే గిన్నెల గోరువెచ్చగ చేసి ఉంచుకో, రెండూ కలుపు. రసం చల్లగ ఉంటే చైనా గ్రాసు పోసింది పోసినట్టే దారాలు దారాలుగ గడ్డకడ్తది. రసంలనే వేసి కాచితే? పండ్ల పులుపుల మసిలితే దాని పట్టు తగ్గుతది. అందుకే నీళ్ళల్ల కాచుడు, రసంల కలుపుడు. గిన్నెల కోసి పెట్టిన మామిడి ముక్కల మీద దీన్ని పోస్తే ముక్కలు ఎక్కడియి అక్కడ కుదురుకుంటయి, నీరు విడువవు.

కస్టర్డుకు లీటరు చిక్కటి పాలు. ముల్కనూరు డెయిరీ పాలు దొరికితే అవే తీసుకో. ప్యాకెట్టు మీద స్వకృషి అని ఉంటది. మన చుట్టుపట్ల పల్లెల ఆడోళ్ళు సభ్యులై నడుపుకునే సంఘం అది. పాలల్లకెళ్ళి ఒక చాయ కప్పెడు చల్లటియి పక్కకు తియ్యి. ఆరు పెద్ద చెంచాల కస్టర్డు పొడి, తలగొట్టి కొలిచి, ఆ చల్లటి పాలల్ల ఉండ లేకుండ కలుపు. వేడి పాలల్ల నేరుగ పొడి వేస్తే పైపొర ఉడికి లోపల పిండి పిండిగనే ఉండల్లెక్క మిగులుతది, ఎంత కలిపినా విడవది. మిగిలిన పాలు అడుగు మందమున్న గంజుల మసలనియ్యి, వంద గ్రాముల చక్కెర వెయ్యి. మామిడిపండు తీపి ఉంటది గనుక ఇంతకంటే వద్దు. మంట తగ్గించి, ఎడమ చేత్తోటి కస్టర్డు పొడి కలిపిన పాలు పోసుకుంట కుడిచేత్తోటి తిప్పు. అది చిక్కబడంగనే దించేస్తరు చానామంది, ఆడనే పొరపాటు. బుడగ వచ్చినంక ఇంకో రెండు మూడు నిమిషాలు తిప్పుకుంటనే ఉడకనియ్యాలె. అప్పుడుగాని పచ్చిపిండి వాసన పోదు, తెల్లారినంక గట్టిగ నిలబడదు.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. తీపి సరిపోయిందా అని చెంచాతోటి చప్పరించి, అదే చెంచా మళ్ళ కస్టర్డుల పెట్టకు. ఎంగిలి ముట్టనియ్యకు అని మా అత్తగారు అనేది, ఆచారమని అనుకునేటోళ్ళం. దానికి వంట లెక్క గూడ ఉన్నది. మన లాలాజలంల గంజిని కరిగించి తీపి చేసే రసం ఉంటది, అన్నం ముద్ద ఎక్కువసేపు నమిలితే తియ్యగయ్యేది దాంతోటే. గోరువెచ్చని కస్టర్డుల ఒక్క ఎంగిలి చెంచా పడితే చాలు, గట్టిగున్నది గూడ కొద్ది గంటలల్ల మజ్జిగలెక్క పల్చబడ్తది. పొడి మంచిది కాదు, పాలు కల్తీ అని మనం అనుకుంటం. రుచి చూడాలెనంటే చిన్న గిన్నెల వేరే తీసుకొని చూడు. నీ చిన్న ఆడబిడ్డ వంటింట్ల తిరిగేటప్పుడు గంజు మీద మూత ఉండనియ్యి, ఆమె వేలు ముంచుడు నాకు ఎరికే.

దించినంక గంజును చల్లటి నీళ్ళ తాంబాలంల పెట్టి అప్పుడప్పుడు తిప్పు, మీగడ కట్టదు. చెయ్యి పెడితే ఓర్చుకునేంత గోరువెచ్చగ అయినప్పుడే గాజు గిన్నెల పోయాలె. అంతకంటే వేడిగ పోస్తే గాజు పగలొచ్చు, పండు ఉడికినట్టు అయితది. పూర్తిగ చల్లారి గడ్డకట్టినంక పోస్తే ముద్దలు ముద్దలుగ పడ్తది. గట్టిపడ్డదాన్ని తిప్పి తిప్పి జారుగ చేస్తే మళ్ళ ఆ పట్టు రాదు. ఈ వంటల గడియారం కంటే నీ అరచెయ్యిని నమ్ముకో.

కేకు బేకరీల దొరికే సాదా స్పాంజి కేకు, మూడువందల గ్రాములు. మీద క్రీము లేనిది అడుగు. గుడ్డు వేసిందా, వెయ్యనిదా గూడ అడుగు, వచ్చేటోళ్ళను బట్టి తీసుకో. నిన్నటిదైతే ఇంకా మంచిది: తాజా కేకు రసం తగలంగనే పేస్టు అయితది, కొద్దిగ ఎండిన కేకు పీల్చుకొని నిలబడ్తది. ఇంగ్లీషోళ్ళు దాన్ని తీపి ద్రాక్షసారాతోటి తడిపేటోళ్ళు. మనం మామిడి రసంల అర చెక్క నిమ్మరసం పిండి తడుపుదాం. చెంచా చెంచా పోసుకుంట పో, కేకు తడవాలె గని ఈదొద్దు. బేకరీ దాకా పోలేని రోజు ఇంట్ల ఉన్న చాయ రస్కులతోటి గూడ అయితది, వాటికి కొద్దిగ రసం ఎక్కువ పట్టుతది.

మీగడ కోసం ఆగం కాకు. షాపుల అమ్మే మామూలు ఫ్రెష్ క్రీముల కొవ్వు 25 శాతమే. దాన్ని గంట గిలక్కొట్టినా శిఖరాలు నిలబడవు, 30 దాటినదే అట్ల లేస్తది. ఆ ఫ్రెష్ క్రీమునే బాగ చల్లబరిచి, రెండు చెంచాల చక్కెరపొడి కలిపి పైన పలుచగ పోస్తే చాలు. తెల్లటి వరుస రానే వస్తది.

వరుసలు పేర్చేటప్పుడు నువ్వు బతుకమ్మ పేర్చినప్పటి నిమ్మళం తెచ్చుకో. అడుగు గట్టిగ లేనిది పైవరుస నిలబడదని, నడుమ ఆకులు కూరకపోతే తంగేడు లోపలికి కుంగుతదని నీకు నేను చెప్పవలసిన పని లేదు. మూడున్నర లీటర్లు పట్టే గాజు గిన్నె తీసుకో. అడుగున కేకు, వేలు మందం ముక్కలు, సందు లేకుండ. రసం. దాని మీద మామిడి ముక్కలు. గాజుకు ఆనే ముక్కలను కోసిన ముఖం బయటికి కనబడేటట్టు ముందు పెట్టి, తర్వాత నడుమ నింపు. ఆ పైన చైనా గ్రాసు రసం. అది గట్టిపడనీకె ఫ్రిజ్‌ల పెట్టవలసిన పని లేదు, గది వేడికే అరగంటల పేరుతది. వేలితోటి తాకితే అంటకపోతే అయినట్టు. అప్పుడు కస్టర్డు, గంటె బోర్లించి దాని వీపు మీదుగ పొయ్యి. నేరుగ పోస్తే గుంట పడ్తది. గోరువెచ్చని కస్టర్డు తగిలినా చైనా గ్రాసు కరగదు గనుక వరుస గీత గీసినట్టే ఉంటది. కస్టర్డు చల్లారినంక మీగడ. దానిమ్మ గింజలు మాత్రం ఆదివారం వెయ్యి, రాత్రే వేస్తే రంగు దిగి మీగడ గులాబీ అయితది.

తర్వాత ఫ్రిజ్. వేడి తగ్గక ముందే మూత పెడితే ఆవిరి చుక్కలు పుడింగు మీదనే రాల్తయి. చల్లారినంక మూత కింద ఒక పొడి బట్ట పరిచి మూయి. అదే ఫ్రిజ్‌ల కోసిన ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఉంటే తియ్యి. పాలది ఏదైన పక్కదాని వాసన ఇట్టే పట్టుతది. రాత్రి కరెంటు పోతే తలుపు తెరిచి తెరిచి చూడకు. మూసి ఉంటే కొన్ని గంటలు చలువ నిలుస్తది, తెరిస్తే పోతది. ఆదివారం బల్ల మీద పెట్టినంక గంటకు మించి బయట ఉంచకు. పాలు, పండు, మన ఎండ, మూడూ ఒక్కకాడ కలిసినయి. మిగిలింది సోమవారం పొద్దుగాల తినెయ్యండ్రి, మంగళవారం దాకా దాచకు.

మీ మామగారికి చక్కెర ఉన్నదని అంటివి. ఆయన పుడింగు తినొద్దని అందరి ముందల అనకు. చిన్న గాజు గ్లాసుల ఆయనకు వేరే పేర్చు: కేకు లేకుండ, చక్కెర వెయ్యని కస్టర్డు, రెండు మూడు మామిడి ముక్కలు, పైన పప్పులు. వరుసలు అన్నీ ఉంటయి, కొలత మాత్రం తక్కువ. విందుల మనిషిని పక్కకు తియ్యకుండ ఆయన ఆరోగ్యం చూసుడే అసలు మర్యాద.

చలికాలం వస్తే ఇదే పుడింగు ఖుబానీతోటి చెయ్యి. మన హైదరాబాదు పెండ్లి దావతుల ఖుబానీ కా మీఠా తిన్నవు గద, అండ్ల ఉండే ఎండు పండే. రాత్రి నానబెట్టి, తెల్లారి గింజ తీసి, ఆ నానిన నీళ్ళతోటే చక్కెర వేసి దగ్గరికొచ్చేదాకా ఉడికించు. గింజ పగలగొడితే లోపల బాదం లెక్క పప్పు వస్తది. ఒక్కటి కొరికి చూడు, తియ్యగుంటే పైన అలంకారానికి వాడు, చేదుంటే అన్నీ పారెయ్యి, చేదు పప్పుల విషగుణం ఉంటది. కేకు మీద ఖుబానీ, ఖుబానీ మీద కస్టర్డు, పైన మీగడ. హైదరాబాదు బేకరీలల్ల పెద్ద పేరు పెట్టి అమ్మేది గూడ ఇంచుమించు ఇదే. జామ, సీతాఫలం, సపోట అని కాలానికొక పండు మన మార్కెట్ల ఉండనే ఉంటది. స్ట్రాబెర్రీ దొరకలేదని ఎన్నడు బెంగపడకు, నీ ఊరి పండు ఏదో దాని పుడింగు చెయ్యి.

ఫోటోల కోసం చెయ్యకు, బిడ్డా. ఏడు రంగుల జెల్లీలు పోసి, సందు సందుకు క్రీము పూలు పెట్టి చేసేవి చూసిన. చూపుకు బాగనే ఉంటయి, చెంచా పెట్టంగనే అన్నీ ఒక్కటే తీపి. నాలుగు వరుసలు చాలు. ఒకటి మెత్తగ, ఒకటి పుల్లగ, ఒకటి చల్లగ, ఒకటి చిక్కగ. నోట్లె నాలుగూ విడివిడిగ తెలువాలె.

ఇదంత నువ్వొక్కదానివే మీదేసుకోకు గూడ. శనివారం సాయంత్రం మామిడిపండ్లు కోసుడు మీ ఆయనకు అప్పజెప్పు, ముక్క వంకర పోతే ఏమనకు. రసాలు పిండుడు ఆడబిడ్డకు, చేతులు కడిగించి. మీ అత్తగారిని కేకు తడిపే కాడ కూసోబెట్టు. ఎంత పోయాలెనో ఆమె చెయ్యికి తెలుసు, నీకు ఆమెతోటి ముచ్చట పెట్టుకునే సందు గూడ దొరుకుతది. కస్టర్డు ఒక్కటి నువ్వు కాచుకో, అది రెండు చేతులు మారితే ఉండకడ్తది.

ఆదివారం భోజనాలైనంక గిన్నె తెచ్చి బల్ల నడుమ పెట్టు. వడ్డించే గంటె మీ ఆయన చేతికియ్యి. అడుగు దాకా దించి నాలుగు వరుసలూ ఒక్క గంటెల వచ్చేటట్టు తియ్యాలెనని అతనికి ముందే చెప్పి ఉంచు, పైపైన గీరి మీగడంత మొదటి నలుగురికే పెడితే కిందోళ్ళకు కేకే మిగులుతది. మొదటి పళ్ళెం పెద్దోళ్ళకు, రెండోది పిల్లలకు, మూడోది నీకు. నాకు తర్వాత అని లేవకు. ఎవరన్న నీళ్ళు అడిగితే కుండ ఎక్కడున్నదో చెప్పు, వాళ్ళే తాగుతరు.

సల్లంగుండు.

మీ అమ్మమ్మ